చిన్న వ్యాపారానికి ముందస్తు వనరులు: సోమాజిగూడ, పంజాగుట్ట, అమీర్‌పేట

చిన్న వ్యాపారం మొదలుపెట్టే ముందు చేతిలో ఉండవలసిన వాటిలో పెట్టుబడి ఒకటి మాత్రమే. వ్యాపారం నడిపే చోటు, అక్కడి గిరాకీ గురించిన ఎరుక, లాభం కనపడని నెలలను దాటించే రొక్కం, చట్టం అడిగే కాగితాలు, నమ్మకంగా పనిచేసే మనుషులు, సందేహం వస్తే అడగదగిన సంస్థలు, ఇవన్నీ వనరుల కిందికే వస్తాయి. కొత్తగా దిగేవారు సాధారణంగా డబ్బు పోగుచేసుకుని, మడిగె చూసుకుని, మిగతావి దారిలో సమకూరుతాయని అనుకుంటారు. కిరాయిలు మండిపోయే సోమాజిగూడ, పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతంలో ఈ వరుస తిరగబడాలి. కిరాయి ఒప్పందం మీద సంతకం అన్నిటికంటే చివర పడాలి. గిరాకీ వచ్చినా రాకపోయినా, లైసెన్సు చేతికి అందినా అందకపోయినా, ఆ సంతకం పడిన రోజు నుంచే డబ్బు కరగడం మొదలవుతుంది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త పరిమితులు అమల్లోకి వచ్చాయి. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలు, ఏడాది టర్నోవరు 10 కోట్లు మించకపోతే అది సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్ల వరకు చిన్న సంస్థ. సోమాజిగూడలోని మందుల దుకాణం, అమీర్‌పేట గల్లీలోని కర్రీ పాయింట్, పంజాగుట్టలో నాలుగు మిషన్లతో నడిచే బొటిక్ వంటివి దాదాపు అన్నీ సూక్ష్మ తరగతిలోనే పడతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా వాటి గురించి.

మూడు పేటలు, మూడు రకాల గిరాకీ

ఖైరతాబాద్ నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు పొడవు కొద్ది కిలోమీటర్లే. మెట్రోలో ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట వరుస స్టేషన్లు. అయినా ఒక్కో పేటలో కొనేవాళ్లు వేరు, కొనే వేళలు వేరు.

సోమాజిగూడలో గవర్నర్ నివాసం, ప్రెస్ క్లబ్, పత్రికా కార్యాలయాలు, బ్యాంకు శాఖలు, పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. పంజాగుట్ట వైపు సాగే దారిలో నగల షోరూములు బారులు తీరి ఉంటాయి. నగరం నలుమూలల నుంచి పెళ్లి బంగారం కొనడానికి ఇక్కడికి వస్తారు. ఈ గిరాకీ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పడిపోయి, శ్రావణంలో లేస్తుంది. నగల దుకాణాలను ఆనుకుని బతికే డబ్బాల తయారీదార్లు, టైలర్లు, మగ్గం పనివాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు కూడా ఈ ఆటుపోట్లను ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఆషాఢం ముందు షట్టర్ ఎత్తినవారికి తొలి నెలలు మరీ భారంగా గడుస్తాయి.

పంజాగుట్ట గిరాకీలో పెద్ద వాటా నిమ్స్ ఆసుపత్రిది. జిల్లాల నుంచి రోగులతో పాటు వచ్చే సహాయకులకు తక్కువ ధరలో భోజనం, పడుకోవడానికి చోటు, పళ్లు, ప్లాస్కు, దుప్పటి, ఫోన్ చార్జరు కావాలి. ఈ అవసరానికి పండగలతోనూ వారాంతాలతోనూ పనిలేదు. వాళ్ల దగ్గర డబ్బు తక్కువ, ఆందోళన ఎక్కువ. న్యాయమైన ధరకు అమ్మే దుకాణం పేరు ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు నోటిమాటగా పాకుతుంది. ప్రకటనలకు డబ్బు లేని వ్యాపారికి ఇంతకంటే బలమైన వనరు లేదు.

అమీర్‌పేటది చదువుల గిరాకీ. 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెల్లువతో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ కంప్యూటర్ కోర్సుల శిక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటిని నమ్ముకుని హాస్టళ్లు, మెస్సులు, టిఫిన్ బండ్లు, జిరాక్స్ దుకాణాలు, పాత ల్యాప్‌టాప్‌లు అమ్మి బాగుచేసే మడిగెలు పుట్టుకొచ్చాయి. పొద్దున్నే మొదలయ్యే బ్యాచ్‌కు ముందు ఇడ్లీ, రాత్రి బ్యాచ్ వదిలాక కర్రీ ప్యాకెట్, ఇలా రోజంతా చిన్న చిన్న మొత్తాల్లో అమ్మకం సాగుతుంది. కానీ ఒక్క రకం గిరాకీ మీదే ఆధారపడితే ఏమవుతుందో 2020లో ఈ పేట కళ్లారా చూసింది. కరోనాతో తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, వాటితో పాటే మెస్సులూ మూతపడ్డాయి. ఇక్కడ కొత్తగా దిగేవారు విద్యార్థులు కాక ఇంకెవరు కొంటారో ముందే తేల్చుకోవాలి.

మెట్రో ఈ మూడు పేటల లెక్కను మార్చింది. మియాపూర్, నాగోల్ వైపుల నుంచి అమీర్‌పేటకు 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. పంజాగుట్ట మీదుగా ఎల్బీనగర్ వరకు 2018 సెప్టెంబరులో దారి తెరుచుకుంది. రెండు మార్గాలు కలిసే స్టేషన్ కావడంతో అమీర్‌పేటలో మనుషుల ప్రవాహానికి కొదవ లేదు. అయితే వాళ్లలో చాలామంది పైనే రైలు మారి వెళ్లిపోతారు. మెట్లు దిగే వైపు ఉన్న షట్టర్‌కూ, అదే రోడ్డుకు అవతల ఉన్న షట్టర్‌కూ గిరాకీలో ఎంతో తేడా ఉంటుంది, కిరాయిలో మాత్రం అంత తేడా ఉండకపోవచ్చు. పని దినాన పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం ఒకసారి, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం వంటి రద్దీ రోజున మరోసారి నిలబడి, ఎంతమంది పోతున్నారో, వాళ్లలో ఎంతమంది చేతిలో సంచితో పోతున్నారో లెక్కపెట్టడానికి ఖర్చేమీ లేదు. బ్రోకరు చెప్పే మాటకంటే ఈ లెక్క నమ్మదగినది.

మడిగె, కిరాయి, కాగితం

కిరాయి ఒప్పందాలు చాలావరకు 11 నెలలకే రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి ఇరుపక్షాలూ 11 నెలల దారి పడతాయి. బల్లా కుర్చీలతో నడిచే దుకాణానికి ఇది సరిపోవచ్చు. చిమ్నీ, ఏసీ, అద్దాల అల్మారాలు, ఫాల్స్ సీలింగ్ అంటూ లక్షలు గోడలకు అతికించేవారికి మాత్రం ఇది పెద్ద ప్రమాదం. వ్యాపారం కుదురుకునే వేళకు గడువు ముగుస్తుంది, యజమాని కిరాయి పెంచుతాడు, గోడకు పెట్టిన సొమ్ము వెంట తెచ్చుకోవడానికి వీలుండదు. అలాంటివారు మూడేళ్లో ఐదేళ్లో రిజిస్టర్డ్ లీజు రాయించుకుని, ఏటా ఎంత శాతం పెంచాలో, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో, మధ్యలో ఖాళీ చేస్తే ఎవరికెంతో అందులోనే తేల్చుకోవాలి. అడ్వాన్సుతో పాటు పాత కిరాయిదారు అడిగే ‘గుడ్‌విల్’ సొమ్ము చాలాసార్లు నోటిమాట మీదే చేతులు మారుతుంది. రశీదు లేని ఆ మొత్తం తిరిగి రాదనుకునే ఇవ్వాలి.

వాణిజ్య కిరాయి మీద జీఎస్టీ 18 శాతం. యజమానికి జీఎస్టీ నమోదు లేకపోయినా, కిరాయిదారుకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కట్టే బాధ్యత కిరాయిదారుదే. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవారిని తర్వాత దీని నుంచి మినహాయించారు. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉందా, వాణిజ్య కేటగిరీలో ఉందా, శాంక్షన్ లోడ్ ఎంత, పాత బకాయిలున్నాయా అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి. రెండు ఫ్రిజ్‌లు, ఒక గ్రైండరు పెట్టేసరికి చాలని లోడుతో తొలి నెలలోనే ఇబ్బందుల్లో పడేవారు ఉంటారు.

సెల్లార్ మడిగెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పార్కింగ్ కోసం అనుమతి పొందిన సెల్లార్‌ను గోడలు కట్టి దుకాణంగా ఇస్తే కిరాయి తగ్గుతుంది, ముప్పు పెరుగుతుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో చెలరేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది ప్రాణాలు తీసింది. 2023 మార్చి 16న అక్కడి స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అంతా పొట్టకూటి కోసం నగరానికి వచ్చిన యువత. రెండో మెట్లదారి ఉందా, అది సామాన్లతో మూసుకుపోయి ఉందా, వైరింగు ఎప్పటిది అన్న ప్రశ్నలకు జవాబు దొరకని భవనాన్ని కిరాయి ఎంత తక్కువైనా వదులుకోవడమే సరైనది.

డబ్బు: ఎంత, ఎక్కడిది, ఎన్నాళ్లకు

చిన్న వ్యాపారికి కావలసిన డబ్బు మూడు భాగాలు. మొదటిది అడ్వాన్సు, సామాన్లు, మరమ్మతులకు ఒక్కసారి పెట్టేది. రెండోది సరుకు, జీతాలు, కిరాయికి తిరుగుతూ ఉండే చేతి పెట్టుబడి. మూడోది వ్యాపారి ఇంటి ఖర్చు. మొదటిదాన్ని అందరూ లెక్కవేస్తారు. రెండోదాన్ని తక్కువ వేస్తారు. మూడోదాన్ని మరిచిపోతారు, తర్వాత గల్లా పెట్టెలోంచి తీస్తారు.

అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెట్టాలనుకునే దంపతుల లెక్కను ఊహించి చూద్దాం. నెలకు కిరాయి 35,000, ముగ్గురు పనివాళ్లకు 54,000, కరెంటు, నీళ్లు, చిల్లర ఖర్చులకు 11,000 అనుకుంటే అమ్మినా అమ్మకపోయినా లక్ష రూపాయలు కట్టాలి. కూరగాయలు, నూనె, గ్యాస్, ప్యాకింగ్ పోను వంద రూపాయల అమ్మకంలో 40 మిగులుతుందనుకుంటే, ఆ లక్ష రావడానికి నెలకు రెండున్నర లక్షల అమ్మకం కావాలి. అంటే రోజుకు 8,300 పైచిలుకు. మనిషికి 70 రూపాయల చొప్పున చూస్తే రోజూ సుమారు 120 మంది. అప్పటికి లాభం సున్నా. తొలి ఆరు నెలలు 60 మందే వస్తే నెలకు 50,000 చొప్పున మూడు లక్షలు లోటు. ఇంటి ఖర్చు నెలకు 30,000 చొప్పున మరో 1,80,000. మొత్తం 4,80,000 రూపాయలు. గిన్నెలు, అడ్వాన్సు కాక విడిగా ఉండవలసిన రొక్కం ఇది. కొత్త దుకాణాలను ఎక్కువగా ముంచేది ఈ రొక్కం ముందు లేకపోవడమే. వంట బాగున్నా, పేరు వస్తున్నా, అది గిరాకీగా మారేలోపు చేతిలో డబ్బు అయిపోతుంది.

ఆ డబ్బు బయట తెచ్చుకుంటే ఎంతకు వస్తుందో చూడాలి. చేబదులుగా నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000 వడ్డీకే పోతుంది. రోజువారీ ఫైనాన్స్ దీనికి మించినది. చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు రోజురోజుకీ తగ్గుతూ పోతుంది కాబట్టి, ఏడాది లెక్కన ఇది 80 శాతానికి అటూ ఇటూగా తేలుతుంది.

చీటీ పాట తెలుగువారి పాత మూలధన మార్గం. 20 మంది నెలకు 10,000 చొప్పున 20 నెలలు కట్టే రెండు లక్షల చీటీని ఒకరు 50,000 తగ్గించి పాడుకుంటే చేతికి లక్షన్నర వస్తుంది. నిర్వాహకుడి కమీషన్ 5 శాతం, అంటే 10,000 పోగా మిగిలిన 40,000 ఇరవై మందికీ రెండేసి వేల చొప్పున తగ్గింపుగా చేరుతుంది. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద కమీషన్ పరిమితి 5 శాతం ఉండగా, 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది. మొదట్లోనే పాడుకున్నవాడికి చీటీ అప్పుతో సమానం, చివరిదాకా ఆగినవాడికి పొదుపు. రిజిస్టర్ కాని చీటీల్లో నిర్వాహకుడు రాత్రికి రాత్రి మాయమైతే పోయిన డబ్బు రాబట్టుకోవడం దుర్లభం. అందుకే రిజిస్ట్రేషన్ చూడకుండా చీటీ కట్టకూడదు.

బ్యాంకు దారిలో మొదట వినిపించేది ముద్ర. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో 50,000 వరకు శిశు, ఐదు లక్షల వరకు కిశోర్, పది లక్షల వరకు తరుణ్ రుణాలు. తరుణ్ రుణం తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే తరుణ్ ప్లస్ 2024లో చేరింది. తాకట్టు అక్కర్లేదు. సబ్సిడీ మాత్రం లేదు, ఈ సంగతి తెలియక బ్యాంకుల చుట్టూ తిరిగేవారు చాలామంది. సబ్సిడీ కావాలంటే 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం చూడాలి. దాని నిబంధనల ప్రకారం తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల వరకు ప్రాజెక్టు వేయవచ్చు. పట్టణాల్లో జనరల్ వర్గానికి 15 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాలకు 25 శాతం రాయితీ. సొంత వాటా జనరల్ వారికి 10 శాతం, మిగతావారికి 5 శాతం. రాయితీ సొమ్ము నేరుగా చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే విడిగా ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాకే రుణంలో సర్దుబాటవుతుంది. ఇది కొత్త యూనిట్లకే వర్తిస్తుంది. షట్టర్ ఎత్తేసి తర్వాత దరఖాస్తు చేసుకుంటే ఫలితం ఉండదు.

మహిళలకు పొదుపు సంఘాలు, 2011లో ఏర్పడిన స్త్రీనిధి వంటి వ్యవస్థలు ఉన్నాయి. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు ప్రాణాల మీదికి రావడంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సులువుగా దొరికే అప్పు వనరు కాదని, తీర్చగలిగే అప్పే వనరని తెలుగువారు ఆనాడే నేర్చుకున్నారు. ఇప్పుడు ఫోన్ యాప్‌ల రూపంలో అదే అప్పు మళ్లీ గుమ్మంలోకి వస్తోంది.

కాగితాలు

దుకాణానికి జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు కావాలి. విస్తీర్ణం, ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి రుసుము ఉంటుంది. ఏ నెలలో తీసుకున్నా డిసెంబరు 31తో గడువు ముగుస్తుంది. పనివాళ్లున్నా లేకున్నా 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు ఉంటుంది. వ్యాపారం మొదలైన 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి.

జీఎస్టీ విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ తేడా ఉంది. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల టర్నోవరు దాటితే నమోదు తప్పనిసరి, తెలంగాణలో 20 లక్షలకే. విజయవాడలోని బంధువు చెప్పిన లెక్కతో అమీర్‌పేటలో దుకాణం పెడితే నోటీసు వస్తుంది. సేవలకు రెండు చోట్లా 20 లక్షలే. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మేవారికి ఈ మినహాయింపు సాధారణంగా ఉండదు. యూపీఐ రాకతో అమ్మకాలు బ్యాంకు ఖాతాలో అచ్చుపడిపోతున్నాయి. 2025 జూలైలో బెంగళూరులో చిన్న దుకాణదారులకు యూపీఐ జమల ఆధారంగా పన్ను నోటీసులు రావడం పెద్ద కలకలం రేపింది. ఇంటి ఖర్చుల ఖాతాకూ వ్యాపార ఖాతాకూ మొదటి రోజునుంచే వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు పెట్టుకోవడం ఇందుకే అవసరం. అవే జమలు రేపు బ్యాంకులో రుణానికి రుజువుగానూ పనికొస్తాయి.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఉద్యమ్ నమోదు 2020 జూలై 1న మొదలైంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పూర్తిగా ఉచితం. ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన పేర్లతో రుసుము అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లకు డబ్బు కట్టకూడదు. తయారీ, సేవల సంస్థలకు దీనివల్ల చేకూరే పెద్ద మేలు, సరుకు తీసుకున్న కంపెనీలు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న నియమం. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సోమాజిగూడ ఆఫీసులకు యూనిఫారాలు కుట్టే, భోజనాలు పంపే, ప్రింటింగు చేసే చిన్న సంస్థలకు ఇది ఎంతో ఆసరా. కొనుగోలు చేసి అమ్మే వర్తకులకు మాత్రం ఈ రక్షణ లేదు. 2021లో వారిని ఉద్యమ్‌లోకి తీసుకున్నది ప్రాధాన్య రంగ రుణాల కోసమే.

రంగాన్ని బట్టి మరికొన్ని కాగితాలు ఉంటాయి. తినుబండారాలకు ఆహార భద్రతా సంస్థ 14 అంకెల నంబరు కావాలి. మందుల దుకాణానికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టు, కనీసం 10 చదరపు మీటర్ల చోటు, ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. బంగారు నగలకు 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరైంది, 40 లక్షల టర్నోవరు దాటని నగల వర్తకులకు మినహాయింపు ఇచ్చారు. పేరు నిలుపుకోవాలనుకునేవారు ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు చేయాలి. తెలుగు రాష్ట్రాలు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. ‘స్వగృహ’ అన్న మాట ఎన్ని మిఠాయి దుకాణాల బోర్డుల మీద కనిపిస్తుందో చూస్తే, పేరును కాపాడుకోవడం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టుకునే భాగస్వామ్య సంస్థ 1932 నాటి చట్టం కింద రిజిస్టర్ కాకపోయినా నడుస్తుంది. అయితే 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కాని సంస్థ తనకు డబ్బు ఎగ్గొట్టినవారి మీద ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. స్నేహం గట్టిగా ఉన్నప్పుడే ఎవరి వాటా ఎంత, ఎవరు ఎన్ని గంటలు కూర్చోవాలి, విడిపోతే దుకాణం పేరు ఎవరిది అన్నవి రాసుకోవాలి.

మనుషులు

హోటళ్లు, మెస్సుల వంటగదుల్లో పనిచేసేవారిలో ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవారు ఎందరో. జీతంతో పాటు వారికి పడుకునే చోటు చూడటం ఈ పేటల్లో యజమాని బాధ్యతగానే నడుస్తోంది. దుకాణం కిరాయి లెక్కలో ఆ గది కిరాయి కూడా ముందే కలపాలి. పదిమంది పనివాళ్లు ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే భవిష్యనిధి వర్తిస్తాయి. నెల జీతం 21,000 దాటనివారికి ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఎర్రగడ్డ దగ్గర సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి ఈ పేటలకు చేరువలోనే ఉంది. కార్డు ఉన్న పనివాడికీ ఇంటివారికీ వైద్యం అక్కడే అందుతుంది. మనిషిని నిలుపుకోవడానికి ఆ కార్డు ఎంత పనిచేస్తుందో అనుభవం ఉన్న యజమానులకు తెలుసు.

శిక్షణ: యూసుఫ్‌గూడ నుంచి కాకినాడ దాకా

అమీర్‌పేటకు ఆనుకున్న యూసుఫ్‌గూడలో దేశమంతా ఎరిగిన సంస్థ ఒకటి ఉంది. 1960లో ఢిల్లీలో మొదలై, 1962లో హైదరాబాద్‌కు వచ్చి, సీట్ అన్న పొట్టిపేరుతో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థగా పేరు తెచ్చుకుంది. 1984లో జాతీయ స్థాయి దక్కింది. 2007 నుంచి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల సంస్థగా నడుస్తోంది.

అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలండ్ 1964లో ఈ సంస్థతో కలిసి చేసిన ప్రయోగం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కింది. కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులను ఎంపికచేసి ఇక్కడికి రప్పించి శిక్షణ ఇచ్చారు. వారికి నేర్పింది ఖాతాలు రాయడమో యంత్రాలు నడపడమో కాదు. మరీ సులువూ కాక మరీ అసాధ్యమూ కాని లక్ష్యం పెట్టుకోవడం, నష్టభయాన్ని తూకం వేయడం, ఫలితాన్ని ఎప్పటికప్పుడు కొలుచుకుని దారి సరిదిద్దుకోవడం. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెంచడంలో, ఎక్కువమందికి పని ఇవ్వడంలో ముందున్నారని డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలండ్ 1969లో వెలువరించిన పుస్తకం చెప్పింది. కులం, సంప్రదాయ విశ్వాసాలు, వేషభాషలు ఇందుకు అడ్డురాలేదన్నది ఆ అధ్యయనంలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి. వ్యాపారం చేసే గుణం ఫలానా కులాలకే పుట్టుకతో వస్తుందన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినపడుతుంది. గోదావరి జిల్లా వ్యాపారులే అరవై ఏళ్ల కిందట దానికి జవాబిచ్చారు.

ఆ ప్రయోగానికి హద్దులూ ఉన్నాయి. నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే మార్పు బాగా కనిపించింది. తండ్రో అన్నో పెత్తనం చేసే దుకాణంలో కూర్చున్న మనిషికి ఎంత శిక్షణ ఇచ్చినా అది పనిలోకి దిగడం కష్టం. కుటుంబం డబ్బుతో వ్యాపారం మొదలుపెట్టే యువతీయువకులు ముందుగా తేల్చుకోవలసింది ఇదే: ధర తగ్గించాలన్నా, సరుకు మార్చాలన్నా, పనివాణ్ని పెట్టుకోవాలన్నా ఎవరి మాట చెల్లుతుంది?

యూసుఫ్‌గూడ సంస్థలో ఇప్పటికీ వ్యాపార అభివృద్ధి శిక్షణలు నడుస్తాయి. తయారీలోకి వెళ్లేవారికి బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో నెలకొన్న టూల్ డిజైన్ సంస్థ ఉంది. మహిళల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చి 8న వీ హబ్ ప్రారంభించింది. 2015 నవంబరులో వచ్చిన టీ హబ్ సాంకేతిక స్టార్టప్‌లకు ఉద్దేశించింది, టిఫిన్ సెంటర్ పెట్టేవారికి అక్కడ పెద్దగా పని ఉండదు. రెడ్‌హిల్స్‌లోని తెలంగాణ వాణిజ్య పరిశ్రమల మండళ్ల సమాఖ్య 1917 నుంచి ఉన్నది. పన్నులు, ఎగుమతుల సందేహాలకు అక్కడ దారి దొరుకుతుంది. వీటన్నిటికంటే ముందు, పెట్టబోయే వ్యాపారాన్నే మరో పేటలో నడుపుతున్నవారి దగ్గర కొన్ని నెలలు జీతానికి పనిచేయడం మంచిది. సరుకు ఎక్కడ కొంటారు, ఎంత పాడవుతుంది, అరువు ఎవరికివ్వకూడదు అన్నవి ఏ శిక్షణ తరగతిలోనూ అంత వివరంగా తెలియవు.

మూసివేతకూ ఏర్పాటు

మొదలుపెట్టే ముందే మూసే దారి ఆలోచించడం అపశకునం అనుకుని చాలామంది ఆ మాటే ఎత్తరు. కానీ ఎన్ని నెలల్లో ఎన్ని వేల అమ్మకం రాకపోతే ఆపేయాలో ముందే కాగితం మీద రాసుకున్న కుటుంబం, ఇల్లు తాకట్టు పెట్టేదాకా పోదు. దుకాణం ఎత్తేసినప్పుడు అడ్వాన్సు వెనక్కి తీసుకోవడానికి లీజులోని నోటీసు గడువు పాటించాలి. కరెంటు, నీటి బకాయిల రశీదులు దగ్గర పెట్టుకోవాలి. ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ నమోదు రద్దు చేయించుకోవాలి. జీఎస్టీ నమోదు రద్దయ్యాక మూడు నెలల్లోగా తుది రిటర్ను దాఖలు చేయాలి. షట్టర్ దించి ఊరికి వెళ్లిపోయినంత మాత్రాన జీఎస్టీ నంబరు రద్దు కాదు. వేయని రిటర్నుల మీద ఆలస్య రుసుము పెరుగుతూనే ఉంటుంది, అదే పాన్ మీద మరో వ్యాపారానికి నమోదు కోరినప్పుడు ఆ బకాయి ముందుకొస్తుంది.